గ్రంథాలయ క్యాటలాగులో అథారిటీ కంట్రోల్

ఒక వ్యక్తికి, ఊరికి, సంస్థకు, కృతికి లేదా విషయానికి క్యాటలాగులో ఏ పేరు వాడాలో ఆధారాలు చూసి ఒకసారి తేల్చి, ఆ తర్వాత ప్రతి పుస్తకం రికార్డులోనూ అదే పేరు పడేలా చూసే పనిని అథారిటీ కంట్రోల్ అంటారు. తేల్చిన పేరు, దానికున్న ఇతర రూపాలు, తేల్చడానికి చూసిన ఆధారాలు ఒకచోట రాసి ఉంచితే అది అథారిటీ రికార్డు. పుస్తకం గురించి చెప్పే రికార్డు వేరు, పేరు గురించి చెప్పే ఈ రికార్డు వేరు. ఒక రచయితవి గ్రంథాలయంలో నలభై పుస్తకాలుంటే పుస్తకాల రికార్డులు నలభై ఉంటాయి. ఆయన పేరుకు అథారిటీ రికార్డు మాత్రం ఒక్కటే. నలభై రికార్డులూ దాన్నే పట్టుకుని ఉంటాయి.

పాఠకుడు శ్రీశ్రీ అని వెతికినా, శ్రీరంగం శ్రీనివాసరావు అని వెతికినా ఒకేచోటికి చేరాలి. ఒకే పేరున్న ఇద్దరి పుస్తకాలు ఒకరి ఖాతాలో పడకూడదు. పని మొత్తం ఈ రెండు మాటల్లోనే ఉంది. తెలుగులో మాత్రం ఇది చాలా శ్రమతో కూడిన పని. ఇంటిపేరు ముందు రావడం, కలం పేర్లు, జంట కవులు, వర్ణక్రమంలో తేడాలు, జిల్లాల విభజనలు అన్నీ ఈ పని మీదే వచ్చి పడతాయి. అంత శ్రమా పుస్తకాలు కొన్నంత అవసరమే. కొన్న పుస్తకం వెతికినవాడికి దొరకనప్పుడు అది గ్రంథాలయంలో లేనట్టే లెక్క.

ఇబ్రహీంపట్నం ఏ ఇబ్రహీంపట్నం?

హైదరాబాదుకు ఆగ్నేయంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, నాగార్జునసాగర్ దారిలో, కుతుబ్‌షాహీల కాలం నాటి పెద్దచెరువుతో ఉన్న ఊరు రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం. కృష్ణా నది ఒడ్డున, విజయవాడకు పడమర, కొండపల్లి పక్కన మరో ఇబ్రహీంపట్నం ఉంది. డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది అక్కడే. జగిత్యాల జిల్లాలో ఇంకొక ఇబ్రహీంపట్నం ఉంది, అదీ మండల కేంద్రమే. ఈ మూడు ఊళ్ల మీద వచ్చిన నివేదికలు, జనగణన పుస్తకాలు, సిద్ధాంత వ్యాసాలు ఒక్క 'ఇబ్రహీంపట్నం' కింద చేరితే, చెరువు ఆయకట్టు గురించి వెతికే విద్యార్థికి బొగ్గు బూడిద మీద నివేదిక చేతికొస్తుంది.

విడదీయడానికి పేరు పక్కన జిల్లాను కుండలీకరణాల్లో రాస్తే సరిపోతుందని తోస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే జిల్లాలు కూడా నిలకడగా లేవు. రంగారెడ్డి జిల్లా ఏర్పడింది 1978 ఆగస్టు 15న. అంతకుముందు ఈ ఇబ్రహీంపట్నం హైదరాబాదు జిల్లాలో ఉండేది. 2014 జూన్ 2న రాష్ట్రం తెలంగాణ అయింది. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుంచి వికారాబాద్, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలు విడిపోయాయి. ఊరు మాత్రం రంగారెడ్డిలోనే మిగిలింది. అదే రోజున మూడో ఇబ్రహీంపట్నం కరీంనగర్ జిల్లా నుంచి కొత్త జగిత్యాల జిల్లాలోకి వెళ్లింది. కృష్ణా ఒడ్డున ఉన్నది 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాకు చెందింది. కాబట్టి 1971 జనగణన పుస్తకం ముఖపత్రం మీద ఉన్న జిల్లా పేరు, ఈనాటి పుస్తకం మీది పేరు వేరువేరుగా ఉంటాయి. రెండూ తప్పు కావు.

ఇలాంటిచోట అథారిటీ రికార్డు ఈనాటి రూపాన్ని ప్రధాన శీర్షికగా పెట్టుకుంటుంది: ఇబ్రహీంపట్నం (రంగారెడ్డి, తెలంగాణ). పాత రూపాలైన 'ఇబ్రహీంపట్నం (హైదరాబాదు జిల్లా)', 'ఇబ్రహీంపట్నం (రంగారెడ్డి, ఆంధ్రప్రదేశ్)' వంటివన్నీ 'చూడు' పేర్లుగా, అంటే వెతికినవారిని ప్రధాన శీర్షిక దగ్గరికి పంపే పేర్లుగా, అదే రికార్డులో ఉంటాయి. ఏ మార్పు ఏ తేదీన వచ్చిందో కింద గమనికలో రాస్తారు. దీనివల్ల జిల్లా మారిన ప్రతిసారీ పుస్తకాల రికార్డులన్నీ తెరిచి దిద్దే అవసరం ఉండదు. అథారిటీ రికార్డు ఒక్కటి మారిస్తే చాలు. అమెరికా, బ్రిటన్ వంటి కొన్ని దేశాలను మినహాయించి మిగతా దేశాల ఊళ్లకు దేశం పేరు చేర్చాలన్నది ఇంగ్లీషు క్యాటలాగు నియమావళుల పద్ధతి. సింధులోని హైదరాబాదు నుంచి మన హైదరాబాదును వేరుచేయడానికి అది పనికొస్తుంది. ఒకే దేశంలో మూడు ఇబ్రహీంపట్నాలు ఉన్నచోట పనికిరాదు. జిల్లా రాయాల్సిందే. తెలుగు వికీపీడియాలో ఇలాంటి పేర్లకు 'అయోమయ నివృత్తి' పేజీలు పెడతారు. క్యాటలాగులో ఆ పనిని అథారిటీ ఫైలు చేస్తుంది.

జిల్లా పేరులో ఇంకో మెలిక ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రిగా పనిచేసిన కొండా వెంకట రంగారెడ్డి (1890–1970) పేరే జిల్లాకు పెట్టారు. కె.వి. రంగారెడ్డి అనే వ్యక్తి జీవితం మీద వచ్చిన పుస్తకం, రంగారెడ్డి అనే జిల్లా మీద వచ్చిన పుస్తకం ఒకే మాటతో వెతికితే కలిసే వస్తాయి. మనిషి శీర్షిక, స్థలం శీర్షిక వేరువేరు రకాలని రికార్డులోనే గుర్తు పెడితే తప్ప యంత్రానికి ఆ తేడా తెలియదు.

ఇక ఊరి పేరులో వినిపించే ఇబ్రహీం సంగతి. 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చింది ఆయనకే. ఇంగ్లీషు చరిత్ర పుస్తకాల్లో ఆయన ఇబ్రహీం కుతుబ్ షా, కొన్నిచోట్ల ఇబ్రహీం కులీ. మల్కిభరాముడని వెతికే సాహిత్య విద్యార్థి, ఇబ్రహీం కుతుబ్ షా అని వెతికే చరిత్ర విద్యార్థి ఒకే మనిషి కోసం వెతుకుతున్నారు. వారిని కలపగలిగేది 'చూడు' పేరు ఒక్కటే. పైగా అదే శతాబ్దంలో బీజాపూరులో ఇద్దరు ఇబ్రహీం ఆదిల్ షాలు ఏలారు. మొదటివాడు 1534 నుంచి 1558 వరకు, రెండోవాడు 1580 నుంచి 1627 వరకు. వంశం పేరు, పాలనాకాలం రాయకపోతే ముగ్గురూ కలగాపులగమవుతారు. ఒక ఊరి పేరు పట్టుకుంటే స్థలం, వ్యక్తి, వంశం, జిల్లా, రాష్ట్రం ఇన్ని అథారిటీ రికార్డులు ఒకదాన్నొకటి ఆనుకుని రావాల్సి వస్తుంది.

తెలుగువారి పేర్లు

గ్రంథాలయ సూచీకరణ నియమాలు ఎక్కువగా పుట్టింది ఐరోపా, అమెరికాల్లో. బ్రిటిష్ మ్యూజియం కోసం పనిజ్జి బృందం రూపొందించిన 91 నియమాలు 1841లో, అమెరికన్ గ్రంథపాలకుడు చార్లెస్ ఎ. కటర్ నియమాలు 1876లో అచ్చయ్యాయి. ఒక రచయితవి గ్రంథాలయంలో ఏమేం ఉన్నాయో అన్నీ ఒకచోట చూపించడం క్యాటలాగు బాధ్యతల్లో ఒకటని కటర్ నిర్దేశించాడు. ఆ నియమాల్లో మనిషి పేరంటే సొంతపేరు ముందు, కుటుంబం పేరు చివర. శీర్షిక రాసేటప్పుడు చివరిదాన్ని ముందుకు తెచ్చి కామా పెడతారు. తెలుగులో ఇంటిపేరు ముందే ఉంటుంది. గుడిపాటి వెంకట చలం, కొడవటిగంటి కుటుంబరావు, రాచకొండ విశ్వనాథశాస్త్రి పేర్లను ఇంగ్లీషు పద్ధతిలో తిప్పితే చలం, కుటుంబరావు, విశ్వనాథశాస్త్రి వరసలో ముందుకొస్తాయి. పేరు చివర రావు, రెడ్డి, శాస్త్రి, శర్మ విడిగా రాసి ఉంటే, వాటినే కుటుంబనామాలనుకుని వందలమందిని ఒకే వరసలో పేర్చిన సూచికలు ఎన్నో ఉన్నాయి.

మన దేశపు పేర్ల చిక్కును లోపలి నుంచి చూసిన సూచీకర్త ఎస్.ఆర్. రంగనాథన్ (1892–1972). ఆయన పేరే దానికి ఉదాహరణ. శియాళి ఊరు, రామామృత తండ్రి పేరు, రంగనాథన్ ఆయన సొంతపేరు. 1934లో వచ్చిన ఆయన క్లాసిఫైడ్ క్యాటలాగ్ కోడ్ భారతీయుల పేర్లలో ఏ మాట ప్రధానమో చూసి దాన్ని ముందు పెట్టమంటుంది. ఈ విషయం ఒక్క భారతదేశానిదే కాదని గుర్తించి, గ్రంథాలయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య 'ఇఫ్లా' ఒక్కో దేశంలో పేర్లను ఎలా రాయాలో చెప్పే పుస్తకాన్ని 1960లలో మొదలుపెట్టి తర్వాత మళ్లీమళ్లీ దిద్దింది. 1978లో వచ్చిన ఎ.ఎ.సి.ఆర్.-2 నియమావళి కన్నడ, మలయాళ, తమిళ, తెలుగు పేర్లకు విడిగా నియమం రాసింది. ఇంటిపేరుగానీ, ఇంటిపేరులా వాడుకున్న మాటగానీ ఉంటే దానితో, లేకపోతే సొంతపేరుతో నమోదు చేయమంటుంది.

చదవడానికి నియమం తేటగానే ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ దగ్గరికి వచ్చేసరికి తేలిక కాదు. సర్వేపల్లి తెలుగు ఇంటిపేరే, అయినా లోకానికి ఆయన రాధాకృష్ణన్. శీర్షిక రాధాకృష్ణన్ కిందనే వెళుతుంది. ఆయన కుమారుడు, చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్ పుస్తకాలు గోపాల్ కింద వెళతాయి. తండ్రీకొడుకులు ఒకే ఇంటిపేరుతో ఉండి కూడా అకారాది వరసలో వేర్వేరు చోట్ల పడతారు. 'సర్వేపల్లి' నుంచి ఇద్దరికీ 'చూడు' పేర్లుంటేనే పాఠకుడు దారి తప్పడు.

తెలుగు లిపిలో తయారయ్యే క్యాటలాగుకు ఈ తిప్పుడు అవసరం లేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. కొడవటిగంటి కుటుంబరావును ఆ వరసలోనే, కామా లేకుండా రాయవచ్చు. ఇంటిపేరు ఎలాగూ ముందే ఉంది, అకారాది దానితోనే నడుస్తుంది. తెలుగు పాఠకుడు పేరు పలికే తీరు కూడా అదే.

ఇంటిపేరు ముందు రాసినా కొన్ని చోట్ల తడబాటు తప్పదు. 'దాశరథి' అంటే ఎక్కువమందికి అగ్నిధార రాసిన కవి దాశరథి కృష్ణమాచార్య (1925–1987). ఆయన తమ్ముడు, చిల్లర దేవుళ్లు నవలాకారుడు దాశరథి రంగాచార్య (1928–2015) ఇంటిపేరూ అదే. పుస్తకం అట్ట మీద ఒట్టి 'దాశరథి' అని ఉంటే లోపలి పుటలు తెరవకుండా శీర్షిక పెట్టకూడదు. కాళోజీ నారాయణరావు (1914–2002) విషయంలోనూ ఇంతే. అన్న కాళోజీ రామేశ్వరరావు ఉర్దూలో 'షాద్' పేరుతో రాసిన కవి. తెలుగు పుస్తకాల బీరువా, ఉర్దూ పుస్తకాల బీరువా రెండూ ఉన్న హైదరాబాదు గ్రంథాలయాల్లో ఈ అన్నదమ్ములకు లిపుల మధ్య కూడా లంకె వేయాలి.

కలం పేర్లు మరో ప్రపంచం. శ్రీశ్రీ (1910–1983), ఆరుద్రగా ప్రసిద్ధుడైన భాగవతుల సదాశివ శంకరశాస్త్రి, ఆత్రేయగా ప్రసిద్ధుడైన కిళాంబి వెంకట నరసింహాచార్యులు, సినారె అయిన సింగిరెడ్డి నారాయణరెడ్డి, ఓల్గా అయిన పోపూరి లలితకుమారి. వీరందరికీ పాఠకలోకం ఎరిగిన పేరే శీర్షిక కావాలి, అసలు పేరు 'చూడు' పేరుగా ఉండాలి. జనం ఎరిగిన పేరును ఎంచుకోవడం ఈనాటి నియమావళులన్నీ ఒప్పుకున్న సూత్రం. అయితే ఒకే వ్యక్తి రెండు వేర్వేరు పేర్లతో రెండు వేర్వేరు రచనా జీవితాలు గడిపితే రెంటికీ రెండు శీర్షికలు పెట్టి 'ఇది కూడా చూడు' అని కలుపుతారు. ఇల్లాలి ముచ్చట్లను 'పురాణం సీత' పేరుతో రాసింది పురాణం సుబ్రహ్మణ్యశర్మ. వాటిని పత్రికలో చదివినవారు వెతికేది సీతను. అందుకే ఈ జంటకు రెండు శీర్షికల పద్ధతే సరైనది.

ఒక పేరు వెనక ఇద్దరు ఉండటం తెలుగులో మామూలే. బీనాదేవి అంటే బి. నరసింగరావు, బాలాత్రిపురసుందరి దంపతులు. తిరుపతి వేంకట కవులు అంటే దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి (1870–1950). జంట పేరుకు ఒక రికార్డు, ఇద్దరికీ చెరొక రికార్డు, మూడింటి మధ్యా రాకపోకలు ఉండాలి. తిరుపతి శాస్త్రి మరణం తర్వాత చెళ్లపిళ్ల మూడు దశాబ్దాలు జీవించారు. ఆ కాలంలో ఆయన ఒక్కరే రాసినవాటిని జంట పేరు కింద పడేస్తే సాహిత్యచరిత్రే తప్పుతుంది.

ఒకే మాట, పలు వర్ణక్రమాలు

పేరు తేలినా దాన్ని ఎలా రాయాలన్నది మిగిలే ఉంటుంది. పాత ముద్రణల్లో అరసున్నలు, బండి ఱలు. వేంకట అని కొందరు, వెంకట అని కొందరు. కన్యాశుల్కము, కన్యాశుల్కం. చెళ్ళపిళ్ళ, చెళ్లపిళ్ల. దాశరథి బదులు దాశరధి అని తప్పుగా అచ్చయిన పుస్తకాలూ ఉన్నాయి. విశ్వనాథశాస్త్రి ఒక్క మాటా, రెండు మాటలా? ఆయన్నే పిలిచే రావిశాస్త్రి అన్న పేరును కలిపి రాయాలా, విడదీయాలా? కంప్యూటరు దృష్టిలో ఇవన్నీ వేరువేరు మాటలు. మనిషి కంటికి ఒకటే. ఆ దూరాన్ని అథారిటీ రికార్డులోని 'చూడు' పేర్లే పూడుస్తాయి. రూపాలు ఎన్ని కనిపిస్తే అన్నీ అందులో చేర్చడం మంచిది.

కంటికి కనబడని తేడా ఇంకొకటి ఉంది. యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి మొదటి కూర్పు నుంచీ ఉంది. అయినా కుతుబ్‌షాహీ వంటి మాటలో పొల్లు తర్వాత వచ్చే అక్షరం కింద ఒత్తుగా మారకుండా ఆపడానికి 'జీరో విడ్త్ నాన్ జాయినర్' అనే కనిపించని గుర్తు వాడతాం. ఒకరు దాన్ని టైపు చేస్తారు, ఇంకొకరు దాని బదులు ఖాళీ వదులుతారు. తెరమీద రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి, వెతుకులాటలో కలవవు. యూనికోడ్ రాకముందు డీటీపీ ఫాంట్లలో తయారైన పుస్తకాల జాబితాల పరిస్థితి ఇంకా కష్టం. ఆ ఫాంటు లేని యంత్రంలో తెలుగంతా అర్థంలేని గుర్తులవుతుంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదిరి కొత్త వర్ణక్రమాలు పుడతాయి. పాత జాబితాలను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే గ్రంథాలయం మొదట పేర్ల పట్టిక విడిగా తీసి, అకారాదిగా పేర్చి, మనిషి చేత చదివించాలి. దీనికి దగ్గరదారి లేదు.

రోమన్ లిపి క్యాటలాగుల గోడు వేరు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962లో ఢిల్లీలో కార్యాలయం తెరిచి, పి.ఎల్.-480 ఏర్పాటు కింద భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికన్ విశ్వవిద్యాలయాలకు పంపింది. వేల తెలుగు పుస్తకాలు అలా సముద్రాలు దాటాయి. వాటి రచయితల పేర్లు అక్షరాల మీద గీతలు, కింద చుక్కలతో రోమన్ లిపిలో ఆ గ్రంథాలయపు నేమ్ అథారిటీ ఫైలులోకి ఎక్కాయి. తెలుగు రచయితల పేర్లను క్రమపద్ధతిలో తేల్చిన పెద్ద ఫైలు అదే. దాన్ని నిర్మించినవారి శ్రద్ధను గౌరవించాలి. అయితే 2008లో ఆ ఫైలులోకి రోమనేతర లిపుల్లో పేర్ల రూపాలు చేర్చడం మొదలైనప్పుడు అరబిక్, చైనీస్, సిరిలిక్, గ్రీకు, హీబ్రూ, జపనీస్, కొరియన్ లిపులకే చోటు దొరికింది. ఆ మొదటి జాబితాలో తెలుగు లేదు. గురజాడ పేరు గురజాడ లిపిలో లేకుండానే ప్రపంచ క్యాటలాగుల్లో తిరిగింది.

కృతులు, సంస్థలు, విషయాలు

కృతుల పేర్లకూ అథారిటీ రికార్డు ఉంటుంది. ఆంధ్ర మహాభారతం, శ్రీమదాంధ్ర మహాభారతము, కవిత్రయ భారతం అని ముఖపత్రాలు ఎలా ఉన్నా కృతి ఒకటే. కన్యాశుల్కం ఇంకాస్త ఆలోచన కోరుతుంది. 1897లో అచ్చయిన నాటకాన్ని గురజాడ తిరగరాసి 1909లో వెలువరించారు. ఈనాడు మనం చదివేది రెండోది. రెండింటినీ ఒకే కృతి కింద ఉంచి, సంవత్సరంతో విడదీయడం పరిశోధకుడికి మేలు చేస్తుంది.

సంస్థల విషయంలో ఇబ్రహీంపట్నం ప్రాంతం మంచి పాఠం. శేరిగూడ, మంగళ్‌పల్లి వైపు ఇంజనీరింగ్ కళాశాలలు బారులు తీరాయి. వాటి గ్రంథాలయాల్లో ప్రాజెక్టు నివేదికలు, పాత ప్రశ్నపత్రాలు, సిలబస్ పుస్తకాలు పేరుకుంటాయి. వాటి మీద ఉండే విశ్వవిద్యాలయం పేరు 1972లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం. 2008లో అది హైదరాబాదు, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలుగా విడిపోయింది. 2005 నాటి సిలబస్‌ను జేఎన్‌టీయూ హైదరాబాదు శీర్షిక కింద పెట్టడం పొరపాటు, అప్పటికి ఆ సంస్థ లేదు. పాత సంస్థకు ఒక రికార్డు, కొత్త మూడింటికి మూడు రికార్డులు పెట్టి, 'పూర్వ నామం', 'తర్వాతి నామం' అని లంకెలు వేస్తారు. ఊరు జిల్లా మారినప్పుడు పాటించిన పద్ధతికి ఇది భిన్నం. అక్కడ స్థలం ఒకటే కాబట్టి ఈనాటి పేరొక్కటే ప్రధానం. ఇక్కడ సంస్థ మారింది కాబట్టి ఏ కాలపు పుస్తకానికి ఆ కాలపు శీర్షిక. ప్రభుత్వాలకూ ఇదే వర్తిస్తుంది. హైదరాబాదు రాష్ట్రం 1956 వరకు, అక్కడి నుంచి 2014 వరకు ఈ ప్రాంతానికి ఆంధ్రప్రదేశ్, ఆ తర్వాత తెలంగాణ.

విషయ శీర్షికల సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే, చెరువు, తటాకం, ట్యాంకు అనే మూడు మాటల్లో ఒకదాన్ని ఎంచుకుని మిగతావాటి నుంచి దారి చూపాలి. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మీది నివేదికలు, గొలుసుకట్టు చెరువుల మీది వ్యాసాలు ఒకే పాఠకుడికి కావాలి. ఎంచుకోవాల్సింది జనం నోట ఉన్న మాట. చెరువే మేలు.

రికార్డు నిర్మాణం, నిర్వహణ

కార్డుల కాలంలో ఈ వ్యవస్థ కళ్లకు కనిపించేది. 'శ్రీరంగం శ్రీనివాసరావు – చూడు: శ్రీశ్రీ' అని ఒక కార్డు సొరుగులో ఉండేది. తీర్మానాల పెట్టె సిబ్బంది దగ్గర విడిగా ఉండేది. 1960లలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఎవ్రమ్ నాయకత్వంలో రూపొందిన మార్క్ పద్ధతి కార్డును యంత్రం చదవగలిగే రికార్డుగా మార్చింది. ఈనాటి రూపం మార్క్ 21. అందులోని అథారిటీ రికార్డులో 100 వ్యక్తి పేరు, 110 సంస్థ, 130 కృతి, 150 విషయం, 151 స్థలం. 400 వరసలో 'చూడు' పేర్లు, 500 వరసలో 'ఇది కూడా చూడు' పేర్లు. 001లో రికార్డు సంఖ్య, 005లో చివరిసారి మార్చిన తేదీ, సమయం.

అన్నిటికన్నా విలువైన గడి 670. ఈ పేరు ఏ పుస్తకంలో, ఏ పుటలో, ఏ రూపంలో కనిపించిందో అందులో రాస్తారు. వెతికినా సమాచారం దొరకని ఆధారాలను రాయడానికి 675 ఉంది. ఈ రెండూ ఖాళీగా ఉన్న రికార్డు ఒట్టి అభిప్రాయమే. పదేళ్ల తర్వాత వచ్చిన గ్రంథపాలకుడు దాన్ని నమ్మాలా, దిద్దాలా తేల్చుకోలేడు. ఆధారం రాసి ఉన్న రికార్డును, అది తప్పయినా, సరిదిద్దవచ్చు.

నిర్వహణలో రోజూ ఎదురయ్యేవి రెండు పనులు: కలపడం, విడదీయడం. ఒకే మనిషికి రెండు రికార్డులు పుట్టాయని తెలిస్తే ఒకటి ఉంచి, రెండోదాని పేర్లన్నీ మొదటిదానిలోకి 'చూడు'గా తెచ్చి, పుస్తకాల లంకెలు మార్చి, రద్దయిన సంఖ్యను కూడా గుర్తుగా మిగల్చాలి. వేరే గ్రంథాలయం ఆ పాత సంఖ్యను వాడుతూ ఉండవచ్చు. ఈ పనిలో చాలా భాగం యంత్రం చేస్తుంది. విడదీయడం అలా కాదు. కె. శ్రీనివాసరావు పేరుతో కథలు, పాలిటెక్నిక్ పాఠ్యపుస్తకం, హోమియో వైద్యం పుస్తకం ఒకే రికార్డుకు తగులుకుని ఉంటే, ఏది ఎవరిదో తెలుసుకోవడానికి ప్రతి పుస్తకాన్నీ బీరువా నుంచి తీసి ముందుమాట, చిరునామా, అంకితం చదవాలి. అందుకే అనుమానం ఉన్నప్పుడు ముందు వేరుగా ఉంచడమే క్షేమం. కలపడానికి రేపైనా వీలుంటుంది. కలిసిపోయినవాటిని విడదీయడానికి ఎంత ఖర్చవుతుందో చేసినవారికే తెలుసు.

మన గ్రంథాలయాల్లో వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్లలో కోహా 1999–2000లో న్యూజిలాండ్‌లో ఒక ప్రాంతీయ గ్రంథాలయం కోసం పుట్టింది. ఉచితం, ఎవరైనా మార్చుకోవచ్చు. పుస్తకం రికార్డులోని శీర్షికలో 9 అనే ఉపగడి ఉంటుంది. అథారిటీ రికార్డు సంఖ్య అందులో నిలుస్తుంది. ఆ లంకె ఉంటే అథారిటీ రికార్డులో పేరు దిద్దగానే పుస్తకాల రికార్డుల్లోనూ మారుతుంది. పేరును జాబితా నుంచి ఎంచుకోకుండా చేత్తో టైపు చేస్తే ఆ లంకె ఉందో లేదో చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ దానంతటదే కలపాలా, ప్రతి కొత్త పేరుకూ కొత్త రికార్డు పుట్టించాలా అన్నది గ్రంథపాలకుడు సెట్టింగుల్లో తేల్చుకోవాలి. పుట్టించే పద్ధతిని తెలుగు పేర్లకు తెరిచి ఉంచితే వర్ణక్రమం మారిన ప్రతిసారీ ఒక కొత్త రచయిత పుడతాడు. విశ్వవిద్యాలయాల కోసం ఇన్‌ఫ్లిబ్‌నెట్ రూపొందించిన సోల్, ప్రభుత్వ గ్రంథాలయాల కోసం ఎన్ఐసీ రూపొందించిన ఈ-గ్రంథాలయ కూడా వాడుకలో ఉన్నాయి.

పంచుకునే ఫైళ్లు

ఒక రచయిత పేరును ప్రతి గ్రంథాలయం మళ్లీమళ్లీ తేల్చడం వృథా శ్రమ. అమెరికాలో గ్రంథాలయాలు కలిసి పేర్లు తేల్చే నాకో కార్యక్రమం 1970ల నుంచి నడుస్తోంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, జర్మన్ జాతీయ గ్రంథాలయం, ఓసీఎల్‌సీ సంస్థ 2003లో మొదలుపెట్టిన వయాఫ్ వివిధ దేశాల జాతీయ గ్రంథాలయాల అథారిటీ రికార్డులను ఒకదానికొకటి జతచేస్తుంది. 2012 ఈ రంగంలో గుర్తుంచుకోవాల్సిన ఏడాది. రచయితలు, కళాకారుల గుర్తింపు సంఖ్య ఇస్ని అంతర్జాతీయ ప్రమాణంగా అచ్చయింది, పరిశోధకుల కోసం ఆర్కిడ్ మొదలైంది, వికీడేటా తెరుచుకుంది. ఇంజనీరింగ్ కళాశాల అధ్యాపకుల పేర్లు ఇనిషియళ్ల వల్ల కలిసిపోయే చోట ఆర్కిడ్ సంఖ్య అక్కరకు వస్తుంది. తెలుగు లిపిలో పేరు రాసుకోవడానికి వికీడేటాలో ఏ అడ్డంకీ లేదు.

మన దేశంలో 1954 నాటి పుస్తకాల డెలివరీ చట్టం కింద ప్రచురణకర్తలు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, మరికొన్ని పెద్ద గ్రంథాలయాలకు ప్రతులు పంపాలి. అలా చేరిన పుస్తకాల ఆధారంగా 1950ల చివర నుంచి ఇండియన్ నేషనల్ బిబ్లియోగ్రఫీ వెలువడుతోంది. సాహిత్య అకాడమీ కోసం బి.ఎస్. కేశవన్, వి.వై. కులకర్ణి 1901–1953 మధ్య వచ్చిన భారతీయ సాహిత్యానికి గ్రంథసూచి కూర్చారు. దాని చివరి సంపుటంలో తెలుగు ఉంది. అంతకుముందు 1912లోనే ఎల్.డి. బార్నెట్ బ్రిటిష్ మ్యూజియంలోని తెలుగు పుస్తకాల క్యాటలాగు అచ్చువేశాడు. ఈ మూడూ గ్రంథసూచులే అయినా పాత రచయితల పేర్లు తేల్చేటప్పుడు 670 గడిలో రాయదగిన మొదటి ఆధారాలు ఇవే.

తెలుగు నేల మీద గ్రంథాలయాలకు కొరత లేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. 1918 నుంచి వేటపాలెం సారస్వత నికేతనం పుస్తకాలు దాచింది. 1891లో ఆసఫియాగా మొదలై రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైన అఫ్జల్‌గంజ్ సంస్థ ఉంది. 1960 చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థలున్నాయి. వీటి జాబితాలన్నీ తలో పద్ధతిలో పేర్లు రాశాయి. తెలుగు లిపిలో, ఇంటిపేరు ముందు పెట్టి, ఆధారాలతో తయారై, ఏ శాఖా గ్రంథాలయమైనా ఉచితంగా దింపుకోగల ఉమ్మడి పేర్ల ఫైలు ఈ సంస్థలు చేపట్టాల్సిన పనుల్లో మొదటిది. కొత్త పుస్తకాలు కొనే నిధుల్లో చిన్న భాగం దీనికి కేటాయించినా న్యాయమే.

ఆ ఫైలు రాజధానిలో కూర్చుని పూర్తయ్యేది కాదు. ప్రసిద్ధుల పేర్లకు నిఘంటువులు, సాహిత్యచరిత్రలు ఉన్నాయి. మండలంలో అచ్చయిన శతకం, పాఠశాల స్వర్ణోత్సవ సంచిక, చెరువు మీద ఒక ఉపాధ్యాయుడు రాసిన చిన్న పుస్తకం, స్థానిక కవుల సంకలనం వంటివాటి రచయితల గురించి ఆధారం దొరికేది ఆ ఊళ్లోనే. ఇబ్రహీంపట్నం వంటి చోట స్థానిక రచయిత తన పుస్తకం రెండు ప్రతులు గ్రంథాలయానికి ఇవ్వడానికి వచ్చినప్పుడు నాలుగు సంగతులు అడిగి రాసుకోవాలి: ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, ఇతర పుస్తకాల మీద వాడిన పేర్లు, పుట్టిన సంవత్సరం, వృత్తి. పుట్టిన తేదీ, ఫోను నంబరు, ఇంటి చిరునామా అథారిటీ రికార్డులో ఉండకూడదు. మనిషిని వేరుచేయడానికి సంవత్సరం చాలు. అది కూడా వద్దని రచయిత అంటే వృత్తిగానీ ఊరుగానీ పేరు పక్కన రాసి, ఆ సమాచారం రచయిత స్వయంగా ఇచ్చారని, ఏ రోజున ఇచ్చారో కూడా చేర్చి 670 గడిలో నమోదు చేయాలి.